ఆప్టోమెట్రీ సీటు చేజారేది టెన్త్ అయిన వారంలోనే

ఊళ్లో కంటి శిబిరం పెట్టినప్పుడు ఎప్పుడైనా పక్కన నిలబడి చూశారా? కుర్చీలో మన అవ్వ కూర్చుంటది. కళ్లకు ఫ్రేము తగిలించి, ఒక అద్దం తీసి ఇంకోటి వేస్తూ అడుగుతారు: "ఇది బాగుందా, ముందుది బాగుందా?" అడిగేది తెలుగులో. అవ్వకు వచ్చింది కోయ. ఏది అడిగినా తలూపుతది. ఆ తలూపుడు చూసే నంబరు రాస్తారు. నెల తిరక్కుండానే ఆ అద్దాలు చూరులోకి చేరతయ్.

అడిగినవాళ్లది తప్పని అనడం లేదు. వాళ్లకు మన భాష రాదు, అంతే. చదువు రానివాళ్ల కోసం ఇంగ్లిష్ 'ఇ' గుర్తు ఎటు తిరిగి ఉందో చేత్తో చూపించమనే చార్టు ఉంది. కానీ ఏ అద్దంతో హాయిగా కనిపిస్తందో చెప్పాలంటే మాట కావాలి. తెలంగాణలో 2018 ఆగస్టు 15న కంటి వెలుగు మొదలైంది, 2023 జనవరిలో రెండో విడత మొదలైంది. ఆంధ్రలో 2019 అక్టోబర్‌లో అదే పేరుతో పథకం వచ్చింది. శిబిరాలు వచ్చినయ్, పోయినయ్. అద్దాలు మార్చే ఆ చేతుల్లో మన పిల్లల చేతులు ఎన్ని?

ఆ పని నేర్పే చదువే ఆప్టోమెట్రీ. కంటి ఆపరేషన్ చేసే డాక్టరు వేరు. ఆయన ఎంబీబీఎస్ చదివి, ఆపైన కంటి వైద్యంలో పీజీ చేయాలి. ఆప్టోమెట్రిస్టు చూపు కొలుస్తారు, అద్దాలు రాస్తారు, శుక్లమో నీటికాసులో ఉన్నట్టు అనుమానం వస్తే డాక్టరు దగ్గరికి పంపుతారు. ఈ డిగ్రీ నాలుగేళ్లు, అందులో ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. 2021లో పార్లమెంటు అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం చేసి, ఈ వృత్తిని కూడా దాని కిందికి తెచ్చింది.

సీటుకు ఏం కావాలి? మామూలుగా ఇంటర్ బైపీసీ పాసై ఉండాలి. కొన్ని సంస్థలు బయాలజీ బదులు మ్యాథ్స్ చదివినవాళ్లనూ తీసుకుంటయ్. ఢిల్లీ ఎయిమ్స్ అలాంటిదే, అక్కడ ప్రవేశ పరీక్ష రాయాలి. చాలాచోట్ల ఆ ఏడాది డిసెంబర్ 31 నాటికి 17 ఏళ్లు నిండాలని అడుగుతారు. రిజర్వేషన్ ఉంది: ఎస్టీలకు ఆంధ్రలో 6 శాతం, తెలంగాణలో 2022 నుంచి 10 శాతం, కేంద్ర సంస్థల్లో 7.5 శాతం.

కాగితం మీద చూస్తే తలుపు తెరిచే ఉంది. మరి మనవాళ్లు ఎందుకు కనబడరు?

తలుపు మూసుకునేది యూనివర్సిటీ దగ్గర కాదు కాబట్టి. ఆశ్రమ పాఠశాలలో టెన్త్ పాసైన పిల్ల దగ్గర్లో ఏ కాలేజీ ఉంటే అందులో, ఏ గ్రూపులో సీటుంటే అందులో చేరుతది. సీఈసీ అంటే సీఈసీ, హెచ్ఈసీ అంటే హెచ్ఈసీ. బైపీసీ ఉన్నా ఫిజిక్స్ చెప్పే సారు ఉండడు, ల్యాబుకు తాళం ఉంటది. "సైన్సు మనకెందుకే, కష్టం" అని ఎవరో అంటారు. ఆ వారంలో తీసుకున్న నిర్ణయంతోనే ఆప్టోమెట్రీ, నర్సింగ్, ల్యాబ్ టెక్నీషియన్ చదువులు చాలావరకు చేజారుతయ్. రెండేళ్ల తర్వాత నోటిఫికేషన్ వచ్చేనాటికి, రిజర్వు చేసిన సీటుకు అప్లికేషన్ పెట్టే అర్హత కూడా మిగలదు.

ఆ గండం దాటినవాళ్లకు కాగితాల గండం. బడిలో చేర్చిన రోజు సారు అంచనాగా రాసిన పుట్టిన తేదీ, ఒక్కో సర్టిఫికెట్‌లో ఒక్కోలా ఉన్న ఇంటిపేరు, రెవెన్యూ ఆఫీసులో కదలని కులం పత్రం. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి గోదావరి పక్క అడవుల్లో ఉంటున్న గుత్తికోయల పిల్లలకైతే ఇంకా ఘోరం. ఎస్టీ హోదాను సొంత రాష్ట్రంలోనే లెక్కగడతారు కాబట్టి ఇక్కడ కులం పత్రమే పుట్టదు.

"అయితే అర్హతలు తగ్గించమంటారా?" అని అడుగుతారు. వద్దు. అద్దంలో వెలుతురు ఎలా వంగుతదో తెలియనివాడు అవ్వకు అద్దాలు రాయకూడదు. ఫిజిక్స్ ఉండాల్సిందే, బయాలజీ ఉండాల్సిందే. మనం అడిగేది అవి చదువుకునే దారి. దాంతోపాటు ఇంకో మాట. కోయ, గోండి, కువి, సవర మాట్లాడటం కూడా అర్హతేనని ఏ నోటిఫికేషన్‌లోనైనా ఎందుకు ఉండదు? అవ్వ చూపు సరిగ్గా కొలవాలంటే అది కూడా అవసరమే కదా!

మన డిమాండ్లు ఇవి:

ఐటీడీఏ పరిధిలోని ప్రతి జూనియర్ కాలేజీలో బైపీసీ పెట్టాలి. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ లెక్చరర్లను కాలేజీ తెరిచేలోపే వెయ్యాలి.

టెన్త్ చదువుతుండగానే, బడిలోనే కులం పత్రాలు ఇవ్వాలి. పుట్టిన తేదీ, పేరు తప్పులు అక్కడే సరిచెయ్యాలి.

కౌన్సెలింగ్ సమయంలో అప్లికేషన్ పెట్టించే మనిషి, దారి ఖర్చులు ఐటీడీఏ చూడాలి.

ఏజెన్సీ ఆసుపత్రుల్లో కంటి పరీక్ష ఉద్యోగాలకు స్థానిక ఆదివాసీ భాష వచ్చినవాళ్లకు అదనపు మార్కులు ఇవ్వాలి.

ప్రభుత్వం వినేదాకా మనం ఊరుకోవద్దు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ ఎండాకాలం మీ గూడెంలో టెన్త్ రాసిన పిల్లలెవరో లెక్క తీయండి. ఏ గ్రూపు తీసుకుంటే ఏ చదువుకు దారి ఉంటదో వాళ్ల అమ్మానాన్నల ముందు కూర్చుని చెప్పండి. ఒకేషనల్ ఇంటర్ చదువుతున్నవాళ్లుంటే బ్రిడ్జి కోర్సు గురించి ఇప్పుడే కనుక్కోమనండి. ఒక్క సాయంత్రం పని.

అవ్వ ముందు కూర్చుని "ఏది బాగుందే?" అని అవ్వ మాటలోనే అడిగే పిల్ల మన గూడెం నుంచే రావాలి.

జోహార్.