గోధుమకు ముందస్తు తర్ఫీదు

దేశంలో 1901 నుంచి ఉన్న లెక్కల ప్రకారం 2022 మార్చి అంత వేడి మార్చి అంతకుముందు లేదు. గింజ పాలు పోసుకునే వేళ ఎండ తగిలి పంజాబ్, హర్యానాల్లో గోధుమ నొక్కుకుపోయింది. మే 13న కేంద్రం ఎగుమతులను నిషేధించాల్సి వచ్చింది.

ఇలాంటి దెబ్బను కాచుకునే ఒక దారిని చైనాలోని నాన్జింగ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, డెన్మార్క్ శాస్త్రవేత్తల ప్రయోగాలు చూపాయి. ఎదిగే దశలో కొద్దిపాటి నీటి ఎద్దడి చూసిన గోధుమ, గింజ కట్టేటప్పుడు వచ్చే బెట్టనూ వేడినీ మెరుగ్గా తట్టుకుంది. కణాలను కాపాడే ఎంజైములు చురుగ్గా పనిచేయడం, ఆకుల్లో కిరణజన్య సంయోగక్రియ నిలదొక్కుకోవడం ఇందుకు కారణాలు.

అయితే మోతాదు, అదను కీలకం. విత్తిన మూడు వారాలకు, కిరీటపు వేళ్లు పుట్టే దశలో ఇవ్వాల్సిన తొలి తడిని ఎగ్గొడితే దిగుబడే పోతుంది. కాబట్టి ఈ పద్ధతిని రైతు మీద వదిలేయకూడదు. కర్నాల్‌లోని గోధుమ, బార్లీ పరిశోధన సంస్థ దీన్ని మన రకాలపై, మన నేలల్లో పరీక్షించి, ఏ తడిని ఎన్ని రోజులు ఆపవచ్చో తేల్చాలి. ప్రయోగంలో నష్టపోయే రైతుకు పరిహారం ప్రభుత్వమే భరించాలి.