నాగమ్మను ఫైనల్ బాస్‌ని చేయకండి

"మన పల్నాటి యుద్ధాన్ని గేమ్‌గా తీస్తే మామూలుగా ఉండదు" అనే మాట తెలుగు గేమర్లు నలుగురు కలిసిన చోట ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. ఆ వెంటనే డిజైన్ కూడా వచ్చేస్తుంది. బాలచంద్రుడు మన హీరో. బ్రహ్మనాయుడు దారి చూపే పెద్దాయన. కన్నమదాసు పక్కన నిలబడి కొట్లాడే యోధుడు. మాచర్ల చెన్నకేశవుడి గుడి దగ్గర సేవ్ పాయింట్. నాగులేటి ఒడ్డున ఆఖరి యుద్ధం. ఇక ఫైనల్ బాస్ ఎవరో వేరే చెప్పక్కర్లేదు: నాయకురాలు నాగమ్మ.

ఆ ఆట రాకూడదని నా కోరిక. పల్నాడు మీద ఆట రావాలి, తప్పకుండా రావాలి. ఈ ఆట మాత్రం వద్దు.

కథ తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. వెలనాటి చోళుల అల్లుడై పల్నాడును అరణంగా అందుకున్న అనుగురాజుకి వేర్వేరు భార్యల కొడుకులు నలగామరాజు, మలిదేవరాజు. తండ్రి పోయాక రాజ్యం రెండు ముక్కలైంది. గురజాల నలగాముడిది, మాచర్ల మలిదేవుడిది. అక్కడ మంత్రి నాగమ్మ, ఇక్కడ మంత్రి బ్రహ్మనాయుడు. ఆమె శైవం, ఆయన వైష్ణవం. కోడిపందెం పెట్టుకున్నారు. ఓడినవాళ్లు ఏడేళ్లు రాజ్యం వదిలి పోవాలి. మాచర్లవాళ్లు ఓడారు, పోయారు. గడువు తీరాక రాజ్యం అడగడానికి వచ్చిన రాయబారి అలరాజు చర్లగుడిపాడులో విషానికి బలయ్యాడు. దాంతో కారెంపూడి యుద్ధం. పన్నెండో శతాబ్దం చివర, 1182 ప్రాంతంలో జరిగిందని ఎక్కువగా చెబుతారు. దాదాపు అందరూ చచ్చిపోయారు.

ఇదీ కథ. ఇందులో రాక్షసి ఎవరో మనకి పుట్టుకతోనే తెలుసనుకుంటాం. నా పేచీ అక్కడే.

మనం గేముల్లో చూసిన రాజ్యాల సంగతి చూడండి. 2002లో వచ్చిన మారోవిండ్‌లో రెడ్ మౌంటెన్ యుద్ధం ఉంటుంది. నెరెవార్ అనే నాయకుడు ఆ యుద్ధం తర్వాత చనిపోయాడు. ఎలా చనిపోయాడు? గాయాలతో పోయాడని గుడి పూజారులు చెబుతారు. పక్కనున్న సలహాదారులే చంపేశారనీ, ఆ చంపినవాళ్లే తర్వాత దేవుళ్లై కూర్చున్నారనీ బూడిద ఎడారి తెగలవాళ్లు చెబుతారు. గుడి దాచిపెట్టిన రాతల్ని గుడినుంచి విడిపోయిన పూజారులు కాపాడుకుంటూ ఉంటారు. ఆటలోనే దొరికే పుస్తకాలు ఒకదాన్నొకటి కొట్టేస్తాయి. ఆ దేవుళ్లలో ఒకడి ఎదుట నిలబడి మీరే అడగొచ్చు. అతను తన మాట తను చెబుతాడు. నమ్మాలో వద్దో మీ ఇష్టం.

అదే వరసలో 1996 నాటి డ్యాగర్‌ఫాల్ ఇంకా చిత్రం. ఆ ఆటకి వేర్వేరు ముగింపులున్నాయి. తర్వాతి ఆట రాసేటప్పుడు వాటిలో ఏది నిజమో తేల్చాల్సి వచ్చింది. వాళ్లు తేల్చలేదు. కాలమే చీలిపోయిందనీ, అన్ని ముగింపులూ ఒకేసారి జరిగాయనీ రాసేశారు. జెల్డా ఆటల హైరూల్ రాజ్యానికైతే 2011లో ఒక అధికారిక పుస్తకమే వచ్చింది. 1998 నాటి ఆట దగ్గర కాలం మూడు పాయలుగా విడిపోయిందని అందులో గీత గీసి చూపించారు. ఒక పాయలో హీరో ఓడిపోయాడు కూడా.

వీటిని మనం ఎంత ఓపిగ్గా చదువుతాం! ఎల్డెన్ రింగ్‌లో ఒక ఉంగరం వర్ణన, ఒక కవచం వర్ణన పక్కపక్కన పెట్టి, ఏ రాణి ఎందుకు ఆ పని చేసిందో గంటలకొద్దీ వాదించుకుంటాం. "చెప్పినవాడెవడు, వాడికి ఏం లాభం" అని అడగడం మనకి ఆటలే అలవాటు చేశాయి. ఇది చిన్న విద్య కాదు. చరిత్ర చదివేవాళ్లకి కావాల్సిన మొదటి విద్య ఇదే. ఎవరో స్టూడియోలో కూర్చుని అల్లిన రాజ్యానికి ఇంత మర్యాద చేస్తాం. నరసరావుపేట నుంచి బస్సెక్కితే చేరగలిగే రాజ్యం దగ్గరకొచ్చేసరికి ఆ విద్యంతా గాలికొదిలేసి, మంచివాళ్లు ఇటు, చెడ్డమ్మ అటు అంటాం.

సరే, ఆ విద్యని ఇక్కడ వాడి చూద్దాం. చెప్పినవాళ్లెవరు?

అచ్చులో మనకి బాగా తెలిసిన పాఠం శ్రీనాథుడి పేరు మీదున్న ద్విపద కావ్యం. 1911లో అక్కిరాజు ఉమాకాంతం దాన్ని అచ్చు వేయించారు. శ్రీనాథుడు పదిహేనో శతాబ్దపు మనిషి. అంటే యుద్ధానికీ కావ్యానికీ మధ్య రెండు వందల ఏళ్లకు పైగా దూరం. పైగా ఆయన పేరుతో దొరికేది ప్రధానంగా బాలచంద్రుడి యుద్ధ ఘట్టం. కెమెరా ఎవరి భుజం మీదుంటే కథ వాడిదవుతుందని గేమర్‌కి వేరే చెప్పాలా? ఇక పాటగా నిలిచిన పాఠం వీరవిద్యావంతులది. వాళ్లు వీరుల కొలువులో పాడేవాళ్లు. 1970ల్లో జీన్ రోఘైర్ అనే అమెరికన్ పరిశోధకుడు పల్నాడొచ్చి, అలిశెట్టి గాలెయ్య అనే గాయకుడి నోట ఆ కథ రికార్డు చేసి, 1982లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురణగా తెచ్చాడు. ఈ గాయకులు కొలిచేది ఎవరిని? కారెంపూడిలో పడిన వీరుల్ని. అంటే మనకి దాకా వచ్చిన గొంతుల్లో గట్టివి మాచర్ల వైపు నిలబడి పాడినవే. గురజాల కోటలోంచి నాగమ్మ తన మాట తను చెప్పిన కావ్యం మన చేతికి రాలేదు.

దీనివల్ల ఆ కావ్యం అబద్ధమని కాదు, ఆ పాట అబద్ధమనీ కాదు. అవి ఒక పక్షం సాక్ష్యాలు, అంతవరకే. మారోవిండ్‌లో గుడి పుస్తకం చదివినప్పుడు మీకు వచ్చే అనుమానం ఇక్కడ కూడా రావాలి కదా అంటున్నాను.

ఇప్పుడు ఆమె మీదున్న నేరాలు చూద్దాం. పందెంలో మోసం చేసింది అంటారు. చేసిందే అనుకుందాం. అయినా ఒక రాజ్యాన్ని కోడి కాలికి కట్టడానికి ఒప్పుకున్నది ఎవరు? పందెం అన్నాక రెండు కోళ్లుంటాయి. చిట్టిమల్లును బరిలోకి దింపింది బ్రహ్మనాయుడే. పాచికలాడిన ధర్మరాజును ఆ ఒక్క పనికీ ఇప్పటిదాకా నిలదీస్తూనే ఉన్నాం. బ్రహ్మనాయుణ్ణి ఆ మాట అడిగినవాళ్లు అరుదు. రెండో నేరం, అలరాజుకి విషం. అది నిజమైతే అది హత్యే, దాన్ని కడిగెయ్యాలని నాకు లేదు. నాగమ్మని దేవతను చేయడం కూడా ఆమెని బాస్‌ని చేయడం లాంటి సోమరితనమే. నేనడిగేది ఒక్కటే. పన్నెండో శతాబ్దంలో, జిట్టగామాలపాడు నుంచి వచ్చిన ఒక ఒంటరి ఆడది, మంత్రి కుర్చీలో కూర్చుని, తన రాజు పెద్దకొడుకు కాబట్టి రాజ్యం చీలకూడదని పట్టుబట్టింది. ఆ వాదన మగ మంత్రి చేస్తే మనం దాన్ని రాజనీతి అంటాం. చాణక్యుడి పేరు పెట్టుకుని కోచింగ్ సెంటర్లు నడుపుతాం. ఆమె చేస్తే కుట్ర.

కథకి మాత్రం ఆ మాత్రం న్యాయబుద్ధి ఉంది. ఎంత తిట్టినా ఆమెని "నాయకురాలు" అనే పిలిచింది. ఆ బిరుదు ఎవరూ లాగేసుకోలేదు. పల్నాట్లో ఒక కనుమనే నాయకురాలి కనుమ అంటారు. సినిమావాళ్లకి కూడా లోపల ఎక్కడో తెలుసు. 1947 పల్నాటి యుద్ధంలో నాగమ్మ కన్నాంబ, 1966 దాంట్లో భానుమతి. అవతల బ్రహ్మనాయుడిగా ఎన్టీఆర్ ఉంటే, ఆయన ఎదురుగా నిలబడటానికి భానుమతి కావాల్సి వచ్చింది. బలహీనమైన మనిషిని బలమైన నటి చేత వేయించరు.

ఇక్కడ నాకు రాగల గట్టి అభ్యంతరం ఒకటుంది. "ట్యామ్రియెల్‌లో ఎవరి తాతా చావలేదు. అక్కడ నాలుగు కథలుంటే సరదా. పల్నాట్లో మనుషులు నిజంగా చచ్చారు. జరిగింది ఒక్కటే. దాన్ని ఆటలాగా అలా కూడా, ఇలా కూడా అనడం చరిత్రకి ద్రోహం కాదా?"

మంచి ప్రశ్న. జరిగింది ఒక్కటేనన్న మాట నిజం. శాసనాలు వెతికేవాళ్లు, తేదీలు సరిచూసేవాళ్లు ఆ పని చేస్తూనే ఉండాలి. కానీ ఒక్కటే జరిగిందంటే మనకి దొరికినది ఆ ఒక్కటేనని కాదు. మనకి దొరికింది పాట, కావ్యం, సినిమా, ఊళ్ల పేర్లు. వీటిలో ఒకదాన్ని తీసుకుని "ఇదే చరిత్ర" అని ముద్ర కొట్టేవాడే అసలు ద్రోహి. మనుషులు నిజంగా చచ్చిన చోట, చెప్పేవాడెవడని అడగడం ఇంకా అవసరం. కల్పిత రాజ్యంలో తప్పు నమ్మితే మీ ఆట పోతుంది, అంతే. ఇక్కడ తప్పు నమ్మితే మనుషులు పోతారు.

ఇది ఊరికే అనడం లేదు. బ్రహ్మనాయుడు వెలమ, నాగమ్మ రెడ్డి అనే లెక్క మనలో ఎవరికి తెలియదు? ఎనిమిది వందల ఏళ్ల కింది మంత్రులకి ఈనాటి కులసంఘాల కండువాలు కప్పేశాం. పల్నాడంటే పౌరుషం అనే డైలాగు సినిమాలు అమ్మాయి, మనం కొన్నాం. 2022లో నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా వచ్చింది. 2024 ఎన్నికల పోలింగ్ ముగిసీ ముగియకముందే ఆ జిల్లాలో 144 సెక్షన్ పెట్టాల్సి వచ్చింది. అలాంటప్పుడల్లా "పల్నాటి యుద్ధం" అనే టైటిల్ టీవీలకి సిద్ధంగా ఉంటుంది. ఏదో ఆ మట్టిలోనే రక్తం ఉన్నట్టు. గొడవలకి రాజకీయాలు, కాంట్రాక్టులు, పోలీసులు, పార్టీలు కారణం అని చెప్పే శ్రమ తప్పించుకోవడానికి పన్నెండో శతాబ్దం భలే పనికొస్తుంది. బాలచంద్రుడు కత్తి తిప్పితే పాయింట్లు పడే ఆట వస్తే అది ఈ టైటిల్‌కి ఇంకో ఎపిసోడ్ అవుతుంది.

ఆ కథ గెలుపు కథ అసలే కాదు. కారెంపూడిలో గెలిచిందెవరు? చెప్పుకునే కథలో బ్రహ్మనాయుడు కొడుకును పోగొట్టుకుంటాడు, నాగమ్మని చంపకుండా వదిలేస్తాడు, నలగామరాజుకే మళ్లీ పట్టం కట్టి గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోతాడు. ఎవరిమీద యుద్ధం చేశాడో వాళ్లకే రాజ్యం ఇచ్చి వెళ్లిన మనిషి కథని "పౌరుషం" అని ఎలా చదివామో నాకు అర్థం కాదు. మరి ఇన్ని శవాలు ఎందుకు అనే ప్రశ్న ఆ కథ మన ముందు పెట్టి పోయింది.

పల్నాటివాళ్లు దీన్ని మనకంటే బాగా అర్థం చేసుకున్నారు. కారెంపూడిలో ఏటా కార్తీక అమావాస్యకి వీరుల తిరునాళ్లు మొదలవుతాయి. ఐదు రోజులు, ఐదు పేర్లు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. వీరుల ఆయుధాలు మోసుకుని ఊళ్లూళ్ల నుంచి ఆచారవంతులు వస్తారు. మందపోరు నాడు చాపకూడు. ఒకే చాప మీద కులం చూడకుండా కూర్చుని తినడం, ఆ యుద్ధం మిగిల్చినవాటిలో మనం మొట్టమొదట గుర్తుపెట్టుకోవాల్సింది. మరుసటి రోజు కోడిపోరు. అక్కడ రెండు కోళ్లు కావాలి. అంటే బ్రహ్మనాయుడి పక్షాన ఒకరు నిలబడినట్టే, ఏటా ఎవరో ఒకరు నాగమ్మ పక్షాన కోడిని పట్టుకుని నిలబడాల్సిందే. ఆ పక్షం లేకపోతే ఆ రోజే లేదు. చివరి రోజు వీరులు నేలకొరుగుతారు. మళ్లీ ఏడాదికి మళ్లీ మొదలు.

నియమాలున్నాయి, పాత్రలున్నాయి, ఆడేవాళ్లున్నారు, గెలుపు లేదు, కలిసి తినే పూట ఉంది. ఇంతకంటే మంచి గేమ్ డిజైన్ ఎవరి దగ్గరుంది?

కాబట్టి ఆట తీసేవాళ్లకి నా షరతులు ఇవి. ఆటగాడికి రెండు కోటల తాళాలూ ఇవ్వండి. గురజాల నుంచి మొదలుపెట్టినవాడికి వేరే పుస్తకాలు దొరకాలి, మాచర్ల నుంచి మొదలుపెట్టినవాడికి వేరేవి. విషం ఎవరు కలిపారో ఆట తేల్చకూడదు. కోడిపందెం దగ్గర "ఒప్పుకోను" అనే బటన్ ఒకటి ఉండాలి. అది నొక్కగలిగీ బ్రహ్మనాయుడు ఎందుకు నొక్కలేదో ఆటగాడు ఆలోచించాలి. కన్నమదాసు ఎవరి పక్కనో నిలబడే సహాయకుడుగా మిగిలిపోకూడదు, అతని కళ్లతో కూడా ఒక అధ్యాయం నడవాలి. ఆఖర్న స్కోరు బోర్డు వద్దు. నాగులేటి ఒడ్డున ఒక చాప పరిచి ఉంటే చాలు. రెండు పక్షాల్లోనూ మిగిలినవాళ్లు ఎంతమంది ఉంటే అంతమంది దాని మీద కూర్చోవాలి.

ఇది చేతకాకపోతే పల్నాడు జోలికి పోకండి. మీకు కావాల్సింది ఒక హీరో, ఒక విలనే అయితే, ఏదైనా రాజ్యం కల్పించుకోండి. కల్పిత రాజ్యాలకి ఇళ్లుండవు, ఓట్లుండవు, కులాలుండవు. పల్నాటికి అవన్నీ ఉన్నాయి.