మన పిల్లలకు యూనివర్సిటీలో పెద్దదిక్కు ఎవరు?

అర్ధరాత్రి దాటాక ఇండియా నంబరుతో ఫోను మోగితే అది మంచి కబురు కాదని అమెరికాలో ఉన్న మనందరికీ తెలుసు. ఏడేళ్ళ క్రితం నాకు అలాంటి ఫోను ఒకటి వచ్చింది. ఖమ్మం దగ్గర ఒక పల్లె నుంచి ఒక తండ్రి. నాకు చుట్టమూ కాదు, పరిచయమూ లేదు. మా యూనివర్సిటీలో ఒక తెలుగాయన పెద్ద ఉద్యోగంలో ఉన్నాడని ఎవరో చెబితే ఎలాగో నా నంబరు సంపాదించారు. "సార్, మావాడు నాలుగు రోజులుగా ఫోనెత్తడం లేదు. రూమ్మేట్లు సెలవలకు ఊరెళ్ళారట. మీరు కాస్త చూసి చెబుతారా?" అన్నారు. ఆ గొంతు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

నేను మిడ్‌వెస్ట్‌లోని ఒక స్టేట్ యూనివర్సిటీలో ఇరవై రెండేళ్ళు పనిచేశాను. చివరి ఎనిమిదేళ్ళు స్టూడెంట్ అఫైర్స్ విభాగానికి అధిపతిగా ఉండి, 2025 వేసవిలో రిటైరయ్యాను. ఏ తెలుగువారింటికి భోజనానికి వెళ్ళినా ముందు "సాఫ్ట్‌వేరా, డాక్టరా?" అని అడిగేవారు. నా ఉద్యోగం పేరు చెప్పగానే "అంటే ఏం చేస్తారండీ?" అనేవారు. అన్నేళ్ళూ నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు తీరిగ్గా జవాబు వ్రాస్తున్నాను. ఎందుకంటే ఆ జవాబు తెలియక మన పిల్లలు నష్టపోతున్నారు.

ఆ ఆఫీసు చేసే పని

యూనివర్సిటీలో పాఠాలు, పరీక్షలు, ప్రొఫెసర్లు ప్రోవోస్టు కింద ఉంటారు. క్లాసు బయట విద్యార్థి జీవితం చాలావరకు స్టూడెంట్ అఫైర్స్ కిందకు వస్తుంది. హాస్టళ్ళు, హెల్త్ సెంటరు, కౌన్సెలింగు, క్రమశిక్షణ, విద్యార్థి సంఘాలు, అత్యవసర అప్పులు, తిండికి ఇబ్బంది పడేవారికి ఫుడ్ ప్యాంట్రీ లాంటివన్నీ అక్కడే. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో 1993లోనే విద్యార్థుల కోసం ఫుడ్ బ్యాంకు పెట్టారు. కొన్నిచోట్ల ఇంటి యజమానితో గొడవ వస్తే సలహా చెప్పడానికి లాయరు కూడా ఉంటాడు. వీటిలో చాలావాటికి డబ్బు మన పిల్లలు ప్రతి సెమిస్టరూ కట్టే స్టూడెంట్ ఫీజు నుంచే వస్తుంది. మన భాషలో చెప్పాలంటే హాస్టల్ వార్డెను, ఊరి పెద్ద, మేనమామ, ముగ్గురి పనీ ఒకే ఆఫీసు చేస్తుందన్నమాట.

ఈ ఉద్యోగం పాతదే. ఇల్లినాయి యూనివర్సిటీలో థామస్ ఆర్కిల్ క్లార్క్ 1909లో 'డీన్ ఆఫ్ మెన్' అయ్యారు. ఆ రోజుల్లో యూనివర్సిటీ అంటే తల్లిదండ్రుల స్థానంలో ఉన్న సంస్థ. రాత్రి ఎన్నింటికి గదికి చేరాలో, ఎవరితో తిరగాలో అదే చెప్పేది. 1960లో అలబామా స్టేట్ కాలేజీ నల్లజాతి విద్యార్థులు మాంట్‌గోమరీలో లంచ్ కౌంటర్ దగ్గర శాంతియుతంగా నిరసన తెలిపితే, విచారణైనా లేకుండా కొందరిని కాలేజీ నుంచి తీసివేశారు. 1961లో డిక్సన్ కేసులో ఫెడరల్ అప్పీళ్ళ కోర్టు అది చెల్లదని తీర్పు చెప్పింది. ప్రభుత్వ యూనివర్సిటీ అయితే నోటీసు ఇవ్వాలి, విద్యార్థి మాట వినాలి. అప్పటి నుంచి విద్యార్థి పిల్లవాడు కాదు, హక్కులున్న పెద్దవాడు.

ఇది గొప్ప మార్పే, కాదనను. కానీ దీనికి రెండో వైపు ఉంది. పెద్దవాడిగా చూడడమంటే, అతను అడిగేదాకా ఎవరూ కల్పించుకోకపోవడం కూడా. అడగందే అమ్మైనా పెట్టదని మన సామెత. అమెరికా యూనివర్సిటీకి అది అక్షరాలా వర్తిస్తుంది. మన పిల్లలకేమో అడగడం నామోషీ.

తండ్రికి ఏం చెప్పాలి?

ఖమ్మం తండ్రి ఫోనుకు నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. కారణం 1974లో వచ్చిన ఫెర్పా చట్టం. విద్యార్థి కాలేజీలో చేరిన రోజు నుంచి అతని రికార్డుల మీద హక్కు అతనిదే, తల్లిదండ్రులది కాదు. అమెరికాలో పన్ను కడుతూ కొడుకును డిపెండెంటుగా చూపించే తండ్రికైతే యూనివర్సిటీ చెప్పవచ్చు. ఖమ్మంలో ఉన్న తండ్రికి ఆ దారి లేదు. ప్రాణాపాయం లాంటి అత్యవసరమైతే మాత్రం చెప్పవచ్చు. 2007 ఏప్రిల్‌లో వర్జీనియా టెక్ కాల్పుల్లో 32 మంది పోయాక, భయపడి నోరు మూసుకోనక్కరలేదని 2008లో ఆ నిబంధనను మరింత స్పష్టం చేశారు.

అబ్బాయి ఉండేది ఊళ్ళోని అపార్ట్‌మెంటులో కనుక సిటీ పోలీసులకు ఫోను చేసి, వెళ్ళి చూడమని అడిగాను. ఇక్కడ దాన్ని వెల్ఫేర్ చెక్ అంటారు. గంటలో కబురు వచ్చింది. పిల్లవాడు బతికే ఉన్నాడు. లైట్లు ఆర్పుకుని, ఫోను కట్టేసుకుని పడుకుని ఉన్నాడు.

తెల్లవారాక నా ఆఫీసుకు వచ్చాడు. ఒక కోర్సు ఫెయిలయ్యాడు. తర్వాతి సెమిస్టరులో ఎవరికీ చెప్పకుండా రెండు కోర్సులు వదిలేశాడు. ఎఫ్-1 వీసాకు కావలసిన ఫుల్‌టైమ్ లెక్క తప్పింది, స్టేటస్ పోయింది. ఇంటి దగ్గర పొలం తాకట్టు పెట్టి తెచ్చిన అప్పు. "నాన్నకు చెప్పకండి సార్" అన్నాడు. క్షేమంగా ఉన్నావన్న మాట ఒక్కటి చెప్పనివ్వు అన్నాను. తల ఊపాడు. మిగిలింది నాలుగు రోజుల తర్వాత నా ఆఫీసు ఫోను నుంచి తనే చెప్పుకున్నాడు. ఇంకా గడువు దాటలేదు కనుక ఇంటర్నేషనల్ ఆఫీసువారు స్టేటస్ తిరిగి ఇవ్వమని అర్జీ పెట్టించారు. అది మంజూరై, ఆలస్యంగానైనా డిగ్రీ పూర్తి చేశాడు.

వెళ్ళేముందు ఒక మాటన్నాడు. "సార్, ఇలాంటి ఆఫీసు ఒకటుందని నాకు తెలియదు." మూడు సెమిస్టర్లు ఫీజు కట్టినవాడు! ఆ మాట నాకు తగలవలసిన చోటే తగిలింది. కొత్తగా వచ్చే మాస్టర్స్ విద్యార్థులకు మేము పెట్టే ఓరియెంటేషనులో మా విభాగం గురించి రెండే స్లైడ్లు. వాటికి సరే అని సంతకం పెట్టింది నేనే. అండర్‌గ్రాడ్యుయేట్లకైతే రెండు రోజుల కార్యక్రమం, తల్లిదండ్రులకు వేరే సభ కూడా ఉండేవి.

ఏర్పాటంతా ఎవరికోసం?

అసలు సమస్య ఇక్కడే ఉంది. స్టూడెంట్ అఫైర్స్ అన్న ఏర్పాటును చాలావరకు కట్టింది పద్దెనిమిదేళ్ళకు హాస్టల్లో చేరే అమెరికన్ పిల్లల కోసం. మనవాళ్ళు అలా రారు. ఓపెన్ డోర్స్ లెక్కల ప్రకారం 2023-24లో అమెరికాలో ఉన్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. అందులో మాస్టర్స్, పీహెచ్‌డీ చదివేవారు 1,96,567, ఓపీటీలో ఉన్నవారు 97,556. అండర్‌గ్రాడ్యుయేట్లు 36,053 మందే, అంటే పదిమందిలో ఒకరు. 2024-25లో మొత్తం 3,63,019కి పెరిగింది. వీరిలో తెలుగు పిల్లల వాటా ఎంతటిదో డాలస్, కాన్సస్ సిటీ, క్లీవ్‌లాండ్ వైపు ఏ క్యాంపస్‌కు వెళ్ళినా చెవికి తెలుస్తుంది. వీరిలో చాలామంది క్యాంపస్ బయట నలుగురైదుగురు కలిసి ఉంటారు.

చట్టాలు కూడా హాస్టల్ గోడ దగ్గరే ఆగిపోతాయి. విద్యార్థి 24 గంటలు కనిపించకపోతే అతను ముందే వ్రాసి ఇచ్చిన మనిషికి కబురు చెయ్యాలని 2008లో ఒక నిబంధన వచ్చింది. అది క్యాంపస్ హాస్టళ్ళలో ఉండేవారికే. క్యాంపస్‌లో జరిగిన నేరాల లెక్క ఏటా ప్రకటించాలని 1990 నాటి క్లెరీ చట్టం చెబుతుంది. మన పిల్లలు అద్దెకుండే వీధుల్లో జరిగేవి మాత్రం చాలావరకు ఆ లెక్కలోకి రావు. మరోవైపు, అడ్రసు మారితే పది రోజుల్లో తెలియజేయాలని వీసా నిబంధన. అంటే మనవాడు ఎక్కడున్నాడో ప్రభుత్వానికి తెలియాలి, ఎలా ఉన్నాడో మాత్రం ఎవరూ అడగనక్కరలేదు.

2025 ఏప్రిల్‌లో ఇది మరింత తేటతెల్లమైంది. సెవిస్‌లో వేలమంది విద్యార్థుల రికార్డులు ఒక్కసారిగా రద్దయ్యాయి. ట్రాఫిక్ కేసుల లాంటి చిన్న విషయాలు ఉన్నవారు కూడా అందులో ఉన్నారు. ముందుగా ఎవరూ చెప్పలేదు. మా ఇంటర్నేషనల్ ఆఫీసువారు రోజూ పొద్దున్నే కంప్యూటరు తెరిచి ఎవరి పేరు పోయిందో వెతుక్కునేవారు. కోర్టుల్లో కేసులు పడ్డాక, ఏప్రిల్ 25న రికార్డులు పునరుద్ధరిస్తామని ప్రభుత్వం చెప్పింది. ఆ మూడు వారాల్లో నేను గమనించింది ఒకటే. మమ్మల్ని ముందే ఎరిగిన పిల్లలు ఆఫీసుకు పరుగెత్తుకొచ్చారు, లాయరును కలిశారు, నిలబడ్డారు. ఎరగనివారు తలుపులు వేసుకుని వాట్సాప్ పుకార్లు చదువుకున్నారు. అదే ఆగస్టులో, చదువు ముగిసేదాకా ఉండనిచ్చే పద్ధతి తీసేసి గరిష్ఠంగా నాలుగేళ్ళ గడువు పెట్టాలని ప్రభుత్వం ప్రతిపాదించింది. అది ఏ రూపు దాల్చినా, ఒక సెమిస్టరు తప్పితే సర్దుకునే వెసులుబాటు తగ్గుతుందేగాని పెరగదు.

"మేము వచ్చినప్పుడు మమ్మల్ని ఎవరు చూశారు?" అని అడిగే మిత్రులున్నారు. నిజమే. కానీ మనలో చాలామంది అసిస్టెంట్‌షిప్‌తో వచ్చాం. మన పేరు తెలిసిన ప్రొఫెసరు ఒకరుండేవారు, వారం రాకపోతే అడిగేవారు. ఇప్పుడు రెండు వందలమంది ఉన్న మాస్టర్స్ ప్రోగ్రాములో, అప్పు నెత్తిన పెట్టుకుని వచ్చిన కుర్రవాడి పేరు తెలిసినవారెవరు? 2019 జనవరిలో బయటపడిన ఫార్మింగ్టన్ ఉదంతం గుర్తుందా? అది ఇమిగ్రేషన్ అధికారులే పెట్టిన బూటకపు యూనివర్సిటీ. అక్కడ క్లాసులూ లేవు, పిల్లవాడు కనబడకపోతే అడిగే మనిషీ లేడు. చిక్కుకున్నవారిలో ఎక్కువమంది మనవాళ్ళే. ఏ యూనివర్సిటీనైనా ఈ ఒక్క ప్రశ్నతో తూచవచ్చు. మావాడు వారం రోజులు కనిపించకపోతే అడిగేదెవరు?

చేతులు కాలకముందే

2007 డిసెంబరులో లూసియానా స్టేట్ యూనివర్సిటీలో ఇద్దరు తెలుగు పీహెచ్‌డీ విద్యార్థులు హత్యకు గురైనప్పుడు మనమంతా కదిలాం. 2018 జూలైలో కాన్సస్ సిటీలో వరంగల్ అబ్బాయిని కాల్చి చంపినప్పుడూ కదిలాం. తానా టీమ్ స్క్వేర్, నాట్స్ హెల్ప్‌లైన్ లాంటివారు కష్టకాలంలో చేస్తున్న సేవకు చేతులెత్తి నమస్కరించాలి. కానీ మన చందాల్లో ఎంత భాగం శవపేటికను ఇంటికి పంపడానికి పోతోందో ఒక్కసారి ఆలోచించండి. ఆ శ్రద్ధలో కొంత ఆగస్టు నెలకు మళ్ళించాలని నా విన్నపం.

మీ ఊళ్ళో యూనివర్సిటీ ఉంటే, క్లాసులు మొదలయ్యేలోపు సంఘం తరఫున డీన్ ఆఫ్ స్టూడెంట్స్‌ను కలవండి. "మా భాషవారు ఇందరున్నారు, అవసరమైతే ఈ నంబరుకు చెప్పండి" అంటే చాలు. కొత్త పిల్లలకు ఎయిర్‌పోర్టు పికప్‌తో పాటు మూడు సంగతులు చెప్పండి. నమ్మకమైన ఒకరి పేరుతో ఫెర్పా అనుమతి పత్రం మీద మొదటి వారంలోనే సంతకం పెట్టాలి. కోర్సు వదిలే ముందు ఇంటర్నేషనల్ ఆఫీసులో అడగాలి. మనసు బాగోలేకపోతే కౌన్సెలింగుకు వెళ్ళాలి, అర్ధరాత్రయితే 988కి ఫోను చెయ్యాలి. అది పిచ్చి కాదు, నామోషీ అంతకంటే కాదు.

ఇక ఇక్కడి పౌరులకు ఒక మాట. ఇవి ప్రభుత్వ యూనివర్సిటీలు, మన పన్నులతోనూ నడుస్తాయి. మిషిగన్, కొలరాడో, నెబ్రాస్కా, నెవాడాలలో యూనివర్సిటీ బోర్డు సభ్యులను ప్రజలే ఎన్నుకుంటారు. మనం అధ్యక్షుడికి ఓటు వేసి, బ్యాలెట్ చివరలో ఉండే ఆ పేర్లు చదవకుండానే వచ్చేస్తాం. చాలా రాష్ట్రాల్లో గవర్నరు నియమిస్తారు. ఆ గవర్నర్లకు విరాళాలిచ్చే తెలుగువారు తక్కువేమీ లేరు. ఫొటో దిగడంతో సరిపెట్టుకోకుండా, "హాస్టల్ బయట ఉండే విద్యార్థి కనిపించకపోతే మీ యూనివర్సిటీలో అడిగేదెవరు?" అని ఒక్కరు అడిగినా, ఆ ప్రశ్న నా బోటి ఉద్యోగి బల్ల మీదకు తప్పక చేరుతుంది. నా బల్ల మీదకు అన్నేళ్ళలో ఒక్కసారి కూడా రాలేదు.

ఆ ఖమ్మం తండ్రి ఏటా ఉగాదికి ఫోను చేస్తారు. ఎప్పుడూ పగటిపూటే చేస్తారు.