దుబాయ్ మామకు వీపీఎన్ సలహా ఇస్తున్నారా?

ఉమ్మడి చిత్తూరు జిల్లాలో, ముఖ్యంగా పీలేరు, మదనపల్లె వైపు, గల్ఫ్‌కు మనిషిని పంపిన ఇళ్లు ఎన్నో. కువైట్‌లో ఉన్న పిన్నితో వాట్సాప్ వీడియో కాల్‌లో గంటలు గంటలు మాట్లాడతాం. అదే దుబాయ్ మామకు చేస్తే కాల్ కలవదు. అప్పుడు ఇంట్లో ఫోన్ రిపేరు ఎవరి పని? మనదే. ‘ఏదో ఒక ఫ్రీ వీపీఎన్ వేసుకో మామా’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. ఆ ముక్క మామకు ఎంత ఖరీదు పడొచ్చో చూడండి.

ముందు ఒక సంగతి. మామ ఫోన్ బాగానే ఉంది, మన నెట్టూ బాగానే ఉంది. యూఏఈలో ఇంటర్నెట్ కాల్స్ నడవాలంటే అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ టీడీఆర్ఏ నిబంధనల ప్రకారం అనుమతి ఉండాలి. మామూలు వాట్సాప్ కాల్స్‌ను అక్కడ ఆపేస్తారు.

మరి మెసేజ్‌లు ఎట్లా పోతున్నాయి? మెసేజ్, ఫొటో, వాయిస్ మెసేజ్ రెండు సెకన్లు లేటైనా నష్టం లేదు. కాల్ అట్లా కాదు. గొంతును సాధారణంగా 20 మిల్లీసెకన్ల ముక్కలు చేసి, సెకనుకు 50 చొప్పున ఆగకుండా పంపాలి. మరీ లేటుగా వచ్చిన ముక్కను యాప్ పారేస్తుంది. మన దగ్గర నెట్ సరిగా లేనప్పుడు మాట తెగేది అందుకే. ఈ ధార నడకే వేరు. లోపలి మాట ఎన్‌క్రిప్షన్‌లో ఉన్నా, ‘ఇది కాల్’ అని నెట్‌వర్క్ పసిగట్టగలదు. కవరు చించకుండానే అది ఎవరి ఉత్తరమో పోల్చుకున్నట్టు.

వీపీఎన్ ఆ ధారను దాచి పంపుతుంది. అక్కడ వీపీఎన్ ఉండటమే నేరం కాదు, కంపెనీలు వాడుతూనే ఉంటాయి. కానీ నేరం చేయడానికో, కప్పిపుచ్చడానికో వాడితే 2021 నాటి సైబర్ చట్టం కింద 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హాముల దాకా జరిమానా పడొచ్చు. జైలు కూడా ఉంది. దిర్హాము 20 రూపాయల పైమాటే కాబట్టి, కనీస జరిమానానే కోటి దాటుతుంది. అప్పు చేసి విమానమెక్కిన మనిషికి ఆ రిస్కు మనం అంటగట్టాలా? పైగా ఫ్రీ వీపీఎన్ అంటే ఫోన్ నెట్ అంతా ఎవరిదో తెలియని సర్వర్ గుండా పోవడం. జీతం పడే బ్యాంకు యాప్ కూడా ఆ ఫోన్‌లోనే ఉంటుంది.

మరి ఏం చేయాలి? అక్కడ అనుమతి ఉన్న బోటిమ్ లాంటి యాప్‌ను మామ ఫోన్‌లో, ఇంట్లోవాళ్ల ఫోన్‌లో రెండింట్లోనూ వేయండి. ప్యాక్ ఏమైనా కావాలేమో సిమ్ కంపెనీని అడగమనండి. రోజువారీ కబుర్లకు వాట్సాప్ వాయిస్ మెసేజ్ చాలు. అత్తకు మైకు గుర్తు నొక్కిపట్టి మాట్లాడటం నేర్పండి. అర్ధరాత్రి అర్జంటు కబురుకు మాత్రం మామూలు ఐఎస్‌డీ కాలే దిక్కు. ఇంట్లో సిమ్‌కు ఆ సౌకర్యం ఉందో లేదో ఈ రోజే చూసుకోండి.

ఈసారి మామ సెలవుకు వస్తే, చెన్నై ఎయిర్‌పోర్టుకు కారెక్కేలోపు ఈ పనులన్నీ ముగించండి. పది నిమిషాలు చాలు.