పొర మీద పొర

పడవ అనగానే మనకు తెరచాపా, చుక్కానీ, సరంగు పాటా గుర్తుకు వస్తాయి. మా పాలమూరు, నల్లగొండ సీమల పడవకు వీటిలో ఏ ఒక్కటీ లేదు. ఆ మాటకొస్తే దానికి ముందూ వెనకా కూడా లేవు. గుండ్రని వెదురు బుట్ట, పేరు పుట్టి. భీమానది కృష్ణలో కలిసే తంగిడి మొదలు, మూసీ వచ్చి కలిసే వాడపల్లి దాకా బెస్తవారికీ, రేవు దాటేవారికీ తరతరాలుగా అదే నౌక. వెదురు బద్దలు అల్లి పూర్వం తోలు తొడిగేవారు. తరువాత తార్పాలిను, ప్లాస్టిక్ సంచులు వచ్చాయి. పైన తారు పూస్తారు. తెడ్డు వేయడం తెలియనివాడు అందులో కూర్చుంటే బొంగరంలా తిరుగుతాడే గాని ఆవలి గట్టు చేరడు.

నా దగ్గర బి.ఏ. చదివిన మక్తల్ కుర్రవాడొకడు గల్ఫులో శ్రీమంతుల విహారనౌకలు కట్టేచోట పనిచేస్తున్నాడు. సెలవుకు వచ్చి, మా యింట చాయ్ తాగుతూ తన పని వివరించాడు. వీసాలో అతని వృత్తి లామినేటర్. యింట్లోవాళ్ళు ‘ఫైబరు పని’ అంటారట. నిఘంటువులు మనకీ విషయంలో సాయం రావు.

నౌక ఆకారంలో పెద్ద అచ్చు వుంటుంది. దానికి మైనం రుద్ది, అద్దంలా మెరిపించి, లోపల రంగుపూత వేస్తారు. అది కాస్త బిగిశాక గాజునార చాపలు పరచి, రెజిన్ అనే జిగురుతో తడుపుతారు. గట్టిపడే మందు నూటికి ఒకటి రెండు పాళ్ళు కలిపారా, యిక చేతులకు తీరిక వుండదు. వేడి ఎక్కువైతే యింకా తొందరగా బిగుస్తుంది. ఆలోగా రోలరుతో నొక్కి గాలిబుడగలన్నీ వెళ్ళగొట్టాలి.

“బుగ్గ ఒక్కటి మిగిలినా అక్కడ్నే పలుగుతది సార్. మల్ల గీకి మొదటికెల్లి చెయ్యాలె” అన్నాడు.

వెదురుకు బలముంది, నీరాగదు; తారుకు నీరాగుతుంది, బలం లేదు. గాజునారకూ రెజిన్‌కూ మధ్య కాపురం కూడా యించుమించు యిలాంటిదే. 1942లో అమెరికాలోని టొలీడో పట్టణంలో రే గ్రీన్ అనే ఆయన గాజునార పడవ చేసినప్పుడు లోకం దానిని వింతగా చూసింది. మన పుట్టిని ఎవరూ వింత అనలేదు కాబోలు!

ఒక్క తేడా వున్నది. మనవాడు ముందు ఎముకల గూడు అల్లి తరువాత చర్మం కప్పుతాడు. అక్కడ చర్మమే ముందు. మొట్టమొదట వేసిన పూతే అచ్చులోంచి తీశాక అందరికీ కనిపించే తళతళ. యజమాని చేత్తో తడిమి మురిసేది దానిని. అలల దెబ్బ కాచేవి దాని వెనక మావాడు పేర్చిన పొరలు.

ఆ రెజిన్‌లోంచి స్టైరీన్ అనే ఆవిరి లేస్తుంది. కళ్ళు మండుతాయి, తల దిమ్మెక్కుతుంది. సంచీలో గాలి లాగేసి రెజిన్‌ను పీల్పించే పద్ధతి వచ్చాక ఆ బాధ చాలావరకు తగ్గింది గాని, సానబట్టేటప్పుడు రేగే గాజుపొడి పోలేదు. మూతికి మంచి తొడుగు లేనిదే ఆ చోట నిలవరాదు. ఈసారి కుర్రవాడు బంగారంతోపాటు పొడిదగ్గు కూడా తెచ్చుకున్నాడు. వాళ్ళమ్మ దిగులు అదే.

ఫైబరు పుట్టీలు కూడా వచ్చాయి గదా, మక్తల్‌లోనే షెడ్డు వేసుకుని అవి చేయరాదా అని అడిగాను.

“అచ్చుకు పెట్టుబడి ఎవరిస్తరు సార్? పుట్టి కొనేటోని దగ్గర పైసలుంటే కద!”

వచ్చే నెల మళ్ళీ విమానం ఎక్కుతున్నాడు.