పీఎస్‌ఏ తగ్గింది సరే, పొట్ట సంగతేటి?

కళింగపట్నం నుంచి ఒక తమ్ముడు స్క్రీన్‌షాట్ పంపాడు. వాళ్ల తాత పీఎస్‌ఏ రిపోర్ట్. ఆర్నెల్ల కిందట మూడంకెల్లో ఉన్నది ఇప్పుడు ఒకటి కన్నా తక్కువ. ఫ్యామిలీ గ్రూప్ నిండా దండాల ఎమోజీలు, లడ్డూల ఎమోజీలు. ఆ కింద అతని వాయిస్ నోట్: "అన్నా, అంతా బాగానే ఉంది గానీ తాతకి పొట్టొచ్చేసింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఇంజెక్షన్ పడ్డట్టా, పడనట్టా?"

పడింది తమ్ముడూ. పొట్ట రావడానికి అదీ ఒక కారణమే.

ప్రోస్టేట్ క్యాన్సర్‌కి టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ ఎరువులాంటిది. ఎరువు ఆపితే కలుపు ఎండుతుందని 1941లో చూపించిన డాక్టర్ చార్లెస్ హగ్గిన్స్‌కి 1966లో నోబెల్ వచ్చింది. ఈరోజు నెలకోసారో, మూణ్నెల్లకోసారో వేసే ల్యూప్రోలైడ్, గోసెరెలిన్ లాంటి ఇంజెక్షన్లు చేసేది ఆ పనే. కొందరికి వృషణాలు తీసేసే ఆపరేషన్ చేస్తారు. దారి వేరు, ఫలితం ఒకటే.

చిక్కేమిటంటే ఆ హార్మోన్ ప్రోస్టేట్ ఒక్కదానికే కాదు, కండకీ ఎముకకీ కూడా కావాలి. అది పడిపోతే కండ కరుగుతుంది, కొవ్వు చేరుతుంది. ఏడాది తిరిగేసరికి ఒంట్లో కొవ్వు దాదాపు పదో వంతు పెరగొచ్చు. ఇన్సులిన్ సరిగా పనిచేయదు, చెడు కొలెస్ట్రాల్ పెరుగుతుంది. 2006లో అమెరికాలో 73 వేల మందికి పైగా పెద్దవాళ్ల రికార్డులు చూస్తే, ఈ ఇంజెక్షన్లు తీసుకున్నవాళ్లలో షుగర్ వచ్చే రిస్క్ 44 శాతం, గుండె రక్తనాళాల జబ్బు రిస్క్ 16 శాతం ఎక్కువగా కనిపించింది. 2010లో అక్కడి ఎఫ్‌డీఏ మందు లేబుల్ మీదే హెచ్చరిక రాయించింది. ఇంకో మాట కూడా చెప్పాలి. 2011లో ఎనిమిది ట్రయల్స్ కలిపి లెక్కేస్తే గుండె మరణాలు పెరిగినట్టు తేలలేదు. అంటే డాక్టర్లలో వాదన ఇంకా ఉంది. ముందే గుండె జబ్బు ఉన్నవాళ్లు ఎక్కువ జాగ్రత్తగా ఉండాలన్న విషయంలో మాత్రం పెద్దగా వాదన లేదు. కాబట్టి ఇంజెక్షన్ మానేయమని ఎవరికీ చెప్పకండి ప్లీజ్. క్యాన్సర్‌తో పాటు గుండెనీ చూసుకోవాలి, అంతే.

అసలు గొడవ వంటింట్లో ఉంది. క్యాన్సర్ అనగానే మనవాళ్లు మొదలెట్టేది "బలం పెట్టడం". పొద్దున్న పాలల్లో పౌడర్, మధ్యాహ్నం నెయ్యన్నం, సాయంత్రం పలాస జీడిపప్పు వేపుడు. హైదరాబాద్‌లో ఉన్న మనవడు ఇంకో పౌడర్ డబ్బా ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడతాడు. అందులో పంచదార ఎంతుందో లేబుల్ చదవడు. ఒకప్పుడు అలల మీద తెప్ప తోసి, వల లాగిన మనిషి ఇప్పుడు అరుగు మీద కూచుని ఇదంతా తింటాడు. ప్రేమే, కాదనను. ఆ ప్రేమంతా నడుం చుట్టూ చేరుతోంది. బక్కచిక్కిపోయి, ఆకలే లేని పేషెంట్ సంగతి వేరు, ఆయనకి డాక్టర్ చెప్పినట్టే పెట్టాలి.

మనూళ్ల తిండిలోనే మందుంది, కొత్తగా కినోవా కొననక్కర్లేదు. ఈ ఇంజెక్షన్ ఎముకల్ని కూడా గుల్ల చేస్తుంది, చోళ్లలో 100 గ్రాములకి 340 మిల్లీగ్రాములకి పైగా కాల్షియం ఉంది. అన్నం కుప్ప సగం చేసి, చోడి అంబలి, ఉలవలు, ఆకుకూర పెంచండి. కండ నిలవాలంటే ప్రొటీన్ కావాలి. కవళ్లు, నెత్తళ్లు పులుసు పెట్టినా చాలు, నూనెలో ముంచి వేపొద్దు. ఎండుచేప, ఆవకాయ దగ్గరే తాత అలుగుతాడు. రోజుకి మొత్తం ఉప్పు 5 గ్రాములు దాటకూడదంటే, ఒక చెంచాతో అయిపోయినట్టే! అబిరాటెరోన్ మాత్ర కూడా వాడుతుంటే ఇంకా గట్టిగా ఉండాలి, అది బీపీ పెంచుతుంది. ఆ మాత్ర ఖాళీ కడుపుతోనే వేసుకోవాలి. ముందు రెండు గంటలు, తర్వాత ఒక గంట ఏమీ తినకూడదు.

ఒక్క హెచ్చరిక. మనది ఉద్దానం ఉన్న జిల్లా. కిడ్నీ తేడా ఉంటే ఈ లిస్ట్ మారిపోతుంది. ముఖ్యంగా "లో సోడియం" ఉప్పు ప్యాకెట్లలో పొటాషియం ఉంటుంది, కిడ్నీ పేషెంట్‌కి అది ప్రమాదం. క్రియాటినిన్ చూపించాకే మార్పులు.

చుట్ట మానాలి, దానికి వేరే మాట లేదు. లైట్‌హౌస్ దాకా రోజూ నడక, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేవడం మొదలెట్టించండి. క్యాన్సర్ ఎముకలకి పాకి ఉంటే బరువులెత్తే ముందు డాక్టర్‌ని అడగాలి. పీఎస్‌ఏ స్క్రీన్‌షాట్ పక్కనే బీపీ, హెచ్‌బీఏ1సీ, లిపిడ్ ప్రొఫైల్ కూడా సేవ్ చేసుకోండి. నెలకోసారి టైలర్ టేపుతో బొడ్డు దగ్గర కొలిచి రాయండి. ఈ పని మీకన్నా బాగా ఇంట్లో ఎవరూ చేయలేరు.

చివరిది, నాకు భయం వేసేది. ఈ ఇంజెక్షన్‌తో ఒళ్లంతా వేడెక్కి చెమట పట్టడం మామూలే, కాసేపట్లో తగ్గిపోతుంది. దాంతో ఇంట్లో ఏ చెమట పట్టినా "ఇంజెక్షన్ వేడిలే" అని పడుకోబెట్టేస్తారు. చెమటతో పాటు ఛాతీ బరువు, దవడ లేదా చెయ్యి లాగడం, ఊపిరాడకపోవడం ఉంటే అది వేడి కాదు. 108కి ఫోన్ చేయాలి, అప్పటికప్పుడే.

తమ్ముడికి ఇదంతా తర్వాత చెప్పాను. ముందు చెప్పింది ఒక్కటే: మెట్లెక్కితే ఆయాసం అన్నావు కదా, డైట్ చార్ట్ సంగతి పక్కన పెట్టి ఈసీజీ తీయించు. రేపు ఫస్ట్ బస్సుకి తాతని శ్రీకాకుళం తీసుకెళ్తున్నానని రిప్లై వచ్చింది.