యాంటీవైరస్ ఏది కొనాలె అని అడిగే అన్నలకు

పోస్టు పొడుగున్నది. ఓపిక లేనోళ్లు వదిలేసి పోవచ్చు. ఇంటి దగ్గర పిల్లలకు ల్యాప్‌టాప్ కొనిచ్చినోళ్లు మాత్రం చివరిదాకా చదవండి.

పోయిన సెలవు రోజు మా రూములో పెద్ద పంచాయితీ అయింది. పక్క బెడ్డు తమ్ముడు కొడుకు కోసం ల్యాప్‌టాప్ కొన్నడు, ఊరికి పోయేటోళ్లతోని పంపుతడట. "అన్నా, యాంటీవైరస్ ఏది ఎక్కిద్దాం?" అని అడిగిండు. ఒకడు నార్టన్ అన్నడు, ఒకడు క్విక్ హీల్ అన్నడు. ఇంకొకడు తన దగ్గర 25 దిర్హాములకే మూడేండ్ల కీ ఉన్నదని ఫోన్ తీసిండు. నేను ఏదీ వద్దన్న. అందరు నా మీదికి లేసిండ్రు. "అన్నా, సైట్ల సేఫ్టీ సేఫ్టీ అని మమ్ముల సంపుతవు, ఇంట్ల కంప్యూటర్‌కు సేఫ్టీ వద్దంటవా?" అని.

సేఫ్టీ వద్దని నేను ఎప్పుడన్న? ఉన్నదాన్ని వాడుకొమ్మంటున్న. విండోస్ 10 అయినా 11 అయినా లోపలనే డిఫెండర్ అని యాంటీవైరస్ ఉంటది. స్టార్ట్ దగ్గర "విండోస్ సెక్యూరిటీ" అని కొట్టి చూడండి. "ఫ్రీగా వచ్చింది ఏం పనిజేస్తది" అని మనోళ్ల మాట. అది ఫ్రీ కాదు, మీరు ల్యాప్‌టాప్‌కు పెట్టిన పైసలల్ల దాని పైసలు కూడా ఉన్నయి. పది పన్నెండేండ్ల కింద మైక్రోసాఫ్ట్ ఇచ్చిన యాంటీవైరస్‌కు పరీక్షలల్ల తక్కువ మార్కులు వచ్చేది నిజమే. ఆ పాత ముచ్చటనే ఇప్పటికీ షాపోళ్లు చెప్తున్నరు. జర్మనీల ఏవీ-టెస్ట్ అనే సంస్థ అన్ని యాంటీవైరస్‌లకు పరీక్ష పెడ్తది. ఈ మధ్య ఏండ్లల్ల డిఫెండర్‌కు రక్షణల 6కు 6 ఎన్నోసార్లు ఇచ్చింది. ఇంకోటి, మీరు వేరే యాంటీవైరస్ ఎక్కిస్తే డిఫెండర్ తనంతట తాను పక్కకు జరుగుతది. అంటే పైసలు పెట్టి రెండో కావలోన్ని తెచ్చుకుంటలేరు, ఉన్నోన్ని పంపించి ఇంకొకన్ని పెట్టుకుంటున్నరు.

నేను ఇంత గట్టిగా ఎందుకు మాట్లాడుతున్ననంటే, నాకు దెబ్బ తగిలింది కాబట్టి.

మా బిడ్డ డిగ్రీల చేరినప్పుడు దుబాయ్ నుంచి ల్యాప్‌టాప్ పంపిన. అక్కడ ఒక షాపుల ఇస్తే వాడు విండోస్ మళ్ల వేసి, ఆఫీస్ ఎక్కించి, మూడేండ్ల యాంటీవైరస్ అని 1800 తీసుకున్నడు. మూలకు పచ్చ టిక్కు కనపడ్డది, మేం సంతోషపడ్డం. ఒకరోజు బిడ్డ కాలేజీకి పోయింది. మా ఇంటామె సీరియల్ చూద్దామని తెరిచింది. స్క్రీన్ అంతా ఎర్రగయింది, సైరన్ మోగింది. "మీ కంప్యూటర్‌ల వైరస్ ఉన్నది, ఈ నంబర్‌కు ఫోన్ చేయండి" అని వచ్చింది. పాపం భయపడి చేసింది. వాడు హిందీల తియ్యగ మాట్లాడి, ల్యాప్‌టాప్‌ల, ఫోన్‌ల ఒక యాప్ ఎక్కియ్యమన్నడు. ఎక్కిచ్చింది. ఓటీపీ వచ్చింది, వాడు అటు కెల్లి చూస్తనే ఉన్నడు. 42 వేలు పోయినయి. చిట్టీకి, బోరు మోటరుకు నేను పంపిన పైసలు. బిడ్డ వచ్చి 1930కి ఫోన్ చేస్తే కొంత ఆపగలిగిండ్రు, ఎక్కువ పోయినయి. అంతసేపు మూలకు ఆ పచ్చ టిక్కు అట్లనే వెలుగుతున్నది.

యాంటీవైరస్ ఎందుకు ఆపలేదని నన్ను అడగకండి. ఇంటామెనే తలుపు తీసి రమ్మన్నది కదా, యాంటీవైరస్ ఎవలిని ఆపుతది? వాడు ఎక్కిచ్చిన యాప్ కూడా వైరస్ కాదు, ఆఫీసులల్ల దినాం వాడే యాపే. మైక్రోసాఫ్ట్ హెచ్చరికల ఎన్నడూ ఫోన్ నంబర్ ఉండదు. ఈ ఒక్క మాట ముందుగాల చెప్పి ఉంటే మా పైసలు ఉండేటివి. అది చెప్పనిది షాపోడే కాదు, నేను కూడా చెప్పలేదు.

సెలవు మీద పోయినప్పుడు ఆ ల్యాప్‌టాప్ తెరిచి చూసిన. విండోస్ క్రాక్, ఆఫీస్ క్రాక్. అప్‌డేట్లు బంద్ పెట్టిండు, అవి వస్తే క్రాక్ పోతదని. దుబాయ్‌ల కొన్నప్పుడు అసలు విండోస్‌తోనే వచ్చింది, దాన్ని తీసేసి దొంగది వేసిండు! క్రాక్ ఎక్కియ్యాలంటే మొదటి షరతే "యాంటీవైరస్ బంద్ చెయ్యి" అని ఉంటది. స్కాఫోల్డింగ్‌కు పచ్చ ట్యాగ్ కట్టి కింద క్లాంపులు ఇప్పినట్టు లేదా ఇది? నా సైట్ల ఎవడన్న అట్ల చేస్తే అదే దినం గేటు బయట ఉంటడు.

అప్‌డేట్ల సంగతి అంత చిన్నది కాదు. 2017 మే నెలల వానాక్రై అని వచ్చి దేశాలకు దేశాలే ఫైళ్లు తాళం పడి లబలబలాడినయి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసోళ్ల కంప్యూటర్లకు కూడా తగిలింది. అది దూరిన బొక్కకు మైక్రోసాఫ్ట్ మార్చిలనే అప్‌డేట్ ఇచ్చింది, వేసుకోనోళ్లు ఇరికిండ్రు. ఇప్పుడు విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగినయి. కొన్నాళ్ల పొడిగింపు ఇచ్చిండ్రు గాని దానికి విడిగా నమోదు చేసుకోవాలె. ఇంటి దగ్గర పాతది ఉంటే 11కు మారుతదో లేదో ముందు చూడుండ్రి. మారకపోతే యాంటీవైరస్‌కు పెట్టే పైసలు కొత్త ల్యాప్‌టాప్‌కు జమ చేసుకోండి.

కొనేటోళ్లందరు పిచ్చోళ్లు అంటలేను. చిన్న పిల్లల ఫోన్లు, నాలుగైదు కంప్యూటర్లు ఒక్కకాడ చూసుకునే సౌకర్యం కావాల్నంటే కొనుక్కోండి. కంపెనీ సైట్ల కొనుండ్రి, రూముల అమ్మే కీలు వద్దు. కొన్ననాడే ఆటో రెన్యూవల్ బంద్ పెట్టుండ్రి, మొదటి ఏడాది తక్కువ చూపించి రెండో ఏడాది కార్డుల కెల్లి ఎక్కువ గుంజుడు వాళ్లకు అలవాటు. ఫ్రీ యాంటీవైరస్ కంపెనీలను మరీ నమ్ముకోకండి. అవాస్ట్ సంగతి చూడండి. జనం ఏ సైట్లు చూస్తున్నరో ఆ లెక్కలు అమ్ముకున్నదని 2024ల అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ కోటి అరవై ఐదు లక్షల డాలర్లు కట్టమన్నది. ఇంటి కావలోడే ఇంటి ముచ్చట బజార్ల అమ్మినట్టు.

ఆఫీస్ కావాల్నంటే లిబ్రే ఆఫీస్ పైసలు లేకుండనే వస్తది. ఆటోక్యాడ్ చదివే పిల్లలకు ఆటోడెస్క్ కంపెనీనే విద్యార్థి లైసెన్సు ఉచితంగా ఇస్తది, కాలేజీ రుజువు చూపెడితే చాలు. ఫొటోలు, భూమి కాగితాలు, వీసా కాపీలు ఒక బయటి హార్డ్ డిస్కుల ఎక్కించి, తీగె పీకి బీరువల పెట్టుండ్రి. పెట్టే ఉంచితే వైరస్ వస్తే అది కూడా పోతది.

నేను మా ఇంటామెకు ఫోన్‌లనే నేర్పిన. స్క్రీన్ ఎర్రగయి సైరన్ మోగితే ఏ నంబర్‌కు చేయొద్దు, పవర్ బటన్ ఆగిపోయేదాక నొక్కి పట్టుకో, తర్వాత బిడ్డకు చెయ్యి అని. రెండుసార్లు నాకు వీడియో కాల్‌ల చేసి చూపించింది.

పక్క బెడ్డు తమ్ముడు ఆ 25 దిర్హాముల కీ కొనలేదు. నిన్న రాత్రి ఇద్దరం కూసోని అప్‌డేట్లు పెట్టినం. క్యాంపు వైఫై సంగతి మీకు ఎరుకే, ఒంటిగంట అయింది. నాలుగున్నరకు బస్సు.